ఈస్టర్ ఒక్క పూట పండుగా, యాభై రోజుల పండుగా? సంఘంలో ఎలా మొదలుపెట్టాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడలో మీ సంఘం ఆరాధన కమిటీలోకి మిమ్మల్ని కొత్తగా తీసుకున్నారు. లెంటులో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో, ఉపవాస ప్రార్థనలు, ఇంటింటి కూటాలు, గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటలు, అన్నీ బాగా జరిగాయి. ఈస్టర్ నాడు చీకటితోనే సమాధుల తోటలో ఆరాధన, తర్వాత గుడిలో ఆరాధన, ఇంటికి వెళ్ళి బిర్యానీ. సోమవారం నుంచి ఏమీ లేదు. "ఈస్టర్ యాభై రోజుల పండుగ అని ఒకరు చెప్పారు, నిజమేనా? నిజమైతే మా సంఘంలో ఎలా మొదలుపెట్టాలి? ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక్) వాళ్ళ పద్ధతి మనకెందుకు అని పెద్దలు అంటే ఏం చెప్పాలి?" అని అడిగారు.

నిజమేనమ్మా. ఈస్టర్ ఆదివారం నుంచి, పరిశుద్ధాత్మ దిగివచ్చినందుకు చేసే పెంతెకొస్తు ఆదివారం దాకా యాభై రోజులూ కలిపి ఒకే పండుగ. ఇది ఈమధ్య ఎవరో తెచ్చిపెట్టింది కాదు. మనం ఇప్పుడు ఆచరించే నలభై రోజుల లెంటు కన్నా పాతది. మొదలుపెట్టడానికి పెద్ద ప్రోగ్రాములు అక్కర్లేదు. ఆరాధన మొదట్లో ఒక పలకరింపు, బలిపీఠం పక్కన ఒక దీపం, ప్రతి ఆదివారం అపొస్తలుల కార్యముల నుంచి ఒక పాఠం. మొదటి ఏడాదికి ఈ మూడూ చాలు. మిగతావన్నీ నిదానంగా వస్తాయి.

నేను గుంటూరులో ఉంటాను. ఏ.ఇ.ఎల్.సి. (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం) పాస్టరుగా ముందు పల్లెల్లో, తర్వాత పట్నంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో చివరి పద్దెనిమిదేళ్ళు ఈ యాభై రోజులనూ ఆచరించాం. అంతకుముందు పన్నెండేళ్ళు నేను కూడా ఈస్టర్ సాయంత్రానికే గుడికి తాళం వేసినవాణ్ణే.

నన్ను ఇందులోకి తెచ్చింది పుస్తకాలు కాదు. మా సంఘంలో మిర్చి యార్డులో పనిచేసే కుటుంబాలు చాలా ఉండేవి. ఈస్టర్ ఎప్పుడూ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్యే వస్తుంది కదా, అది యార్డుకు సరిగ్గా సీజను. రాత్రింబవళ్ళు టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటాయి. ఒక ఏడాది ఈస్టర్ అయిన బుధవారం నాడు ఒక ముఠా కూలీ మా ఇంటికి వచ్చాడు. చొక్కా నిండా కారం దుమ్ము. గుమ్మంలోకి వచ్చేసరికే మా ఇంట్లోవాళ్ళకు దగ్గు మొదలైంది. "అయ్యగారూ, ఆదివారం తెల్లారి లోడు వచ్చింది, రాలేకపోయాను. పండుగ అయిపోయినట్టేనా?" అన్నాడు. ఆ రోజు నేను అతనితో "అయిపోయింది, వచ్చే ఆదివారం రా" అన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. అతనికి చెప్పవలసిన జవాబు అది కాదని నాకు చాలా కాలానికి తెలిసింది. పండుగ నాలుగో రోజే ఇంకా, నలభై ఆరు రోజులు మిగిలి ఉన్నాయని చెప్పాల్సింది.

అసలు యాభై ఎందుకు? ముందు వాక్యం చూడండి. లేవీయకాండం 23లో పస్కా పండుగ రోజుల్లో పన అర్పించిన నాటి నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, యాభయ్యో రోజున పండుగ చేయమని ఉంది. పెంతెకొస్తు అంటే గ్రీకులో యాభయ్యోది అనే అర్థం. అంటే ఆ పేరులోనే లెక్క ఉంది. ఎక్కడి నుంచి యాభయ్యోది అని అడిగితే జవాబు పస్కా నుంచే. మనం పస్కానూ, అంటే మన ఈస్టర్‌నూ, పెంతెకొస్తునూ రెండు వేర్వేరు పండుగలు చేసేశాం. మొదటి క్రైస్తవులకు అవి ఒకే పండుగకు రెండు కొసలు.

క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత రాసిన దాంట్లో ఈ రోజుల సంగతి ఉంది. ఆదివారాల్లోనూ, పస్కా నుంచి పెంతెకొస్తు దాకానూ ఉపవాసం ఉండం, మోకాళ్ళూనం అని. 325లో నికేయ మహాసభ జరిగింది, మన విశ్వాస ప్రమాణానికి పేరు వచ్చిన ఆ సభే. అక్కడ చేసిన నియమాల్లో ఇరవయ్యోది ఇదే చెబుతుంది: ఆదివారాల్లోనూ పెంతెకొస్తు దినాల్లోనూ నిలబడి ప్రార్థించాలి. మోకాళ్ళూనడం పశ్చాత్తాపానికి గుర్తు, నిలబడడం లేచినవారికి గుర్తు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియు ఈ రోజులను "మహా ఆదివారం" అన్నాడు. ఏడాదిలో యాభై రోజులు అంటే సుమారు ఏడో వంతు. వారానికి ఒక ఆదివారం ఎలాగో ఏడాదికి ఇది అలాగ.

ఇంకో లెక్క కూడా పెద్దలకు చెప్పండి, చాలామందికి ఇది నచ్చుతుంది. 2026లో లెంటు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. మధ్యలో ఉన్నవి నలభై ఆరు రోజులు. మనం నలభై అంటాం. ఎందుకంటే ఆరు ఆదివారాలను లెక్కలో వేయం. ఆదివారం లెంటు మధ్యలో వచ్చినా అది ప్రభువు లేచిన రోజే, దుఃఖపడే రోజు కాదు. శ్రమకాలమే పునరుత్థానానికి అంత చోటు ఇస్తుంటే, మనం మాత్రం పునరుత్థానానికి ఒక్క పూట ఇస్తున్నాం.

ఈ చరిత్రంతా పక్కన పెట్టినా నాకు బలమైన కారణం వేరే ఉంది. దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

సువార్తల్లో ఆ మొదటి ఈస్టర్ రోజు ఎలా గడిచిందో చూడండి. తెల్లవారి స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్ళారు, భయపడ్డారు. మధ్యాహ్నం ఇద్దరు ఎమ్మాయుకు నడుస్తూ ముఖాలు చిన్నబుచ్చుకుని ఉన్నారు. ఆ ఊరు యెరూషలేముకు ఆమడ దూరమని మన బైబిల్లో ఉంది. ఆమడ దూరమంతా ప్రభువు పక్కనే నడిచినా పోల్చుకోలేదు. సాయంత్రానికి మిగతావాళ్ళు తలుపులు మూసుకుని కూర్చున్నారు. తోమా ఆ రోజు అక్కడ లేనే లేడు, అతనికి ఎనిమిది రోజులు పట్టింది. పేతురుకు ఇంకా ఎక్కువే పట్టింది. సముద్రం ఒడ్డున ప్రభువు మూడుసార్లు అడిగాక గానీ అతని గుండెలో బరువు దిగలేదు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో "నలువది దినములవరకు వారి కగపడుచు" అని ఉంది. కళ్ళతో చూసినవాళ్ళకే నలభై రోజులు పట్టింది. చూడని మనవాళ్ళకు ఒక్క తెల్లవారుజామున అంతా అర్థమైపోవాలని ఎలా అనుకుంటాం?

మా సంఘంలో ఒక తల్లి ఉండేది. శ్రమల వారంలో బుధవారం రాత్రి ఆమె కొడుకు బైకు ప్రమాదంలో పోయాడు. గుడ్ ఫ్రైడే మర్నాడు భూస్థాపన చేశాం. మన ప్రాంతంలో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. సున్నం వేసిన సమాధులు, బంతిపూలు, వరసగా కొవ్వొత్తులు. ఆ ఏడాది ఆ వరసల చివర ఇంకా తడి ఆరని మట్టి దిబ్బ ఒకటి ఉంది. దాని పక్కన మేమంతా నిలబడి పాడాం. ఆమె రాలేదు. రాకపోవడమే మంచిదని నాకు అనిపించింది. ఎందుకంటే ఆ పాటలో ఆమెకు ఎక్కడా చోటు లేదు.

అప్పటికే మేము యాభై రోజులు ఆచరించడం మొదలుపెట్టి మూడో ఏడు. నాలుగో ఆదివారం ఆమె వచ్చింది. తలుపు దగ్గర చివరి బెంచీ మీద కూర్చుంది. "ప్రభువు లేచెను" అని నేను అన్నాను, సంఘమంతా "నిజముగా లేచెను" అంది. ఆమె నిలబడింది గానీ నోరు మెదపలేదు. తర్వాతి ఆదివారమూ అంతే. ఆరో ఆదివారం బలిపీఠం దగ్గర నుంచి చూస్తున్నాను, ఆమె పెదాలు కదిలాయి. శబ్దం వచ్చిందో లేదో పక్కనున్నవాళ్ళకే తెలియాలి. ఒక్క రోజు పండుగే అయితే ఆమె దాన్ని పోగొట్టుకుని, మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సి వచ్చేది. యాభై రోజుల పండుగ కాబట్టి ఆమె వచ్చే దాకా దీపం వెలుగుతూనే ఉంది.

కమిటీలో ఎవరైనా "ఎందుకండీ ఇదంతా" అంటే, చరిత్ర కన్నా ముందు మీ సంఘంలో ఈ ఏడాది ఈస్టర్‌కు రాలేకపోయినవాళ్ళ గురించి చెప్పండి. నైట్ డ్యూటీ నర్సులు, ఆసుపత్రిలో పడకేసినవాళ్ళు, కొత్తగా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు. ప్రతి సంఘంలోనూ ఉంటారు.

ఇక "ఇది ఆర్.సి.ఎం. వాళ్ళది" అనే మాట. నాకూ ఎదురైంది, అదీ గట్టిగానే. పెద్దలను తక్కువ చేయకుండా జవాబు చెప్పాలి. మా వాళ్ళకు నేను చెప్పింది ఇది. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చారు. ఆయన ఏ లూథరన్ సంఘాల నుంచి వచ్చారో, ఆ సంఘాల పాత పంచాంగంలో ఈస్టర్ తర్వాతి ఆదివారాలకు ఒక్కోదానికి ఒక్కో పేరుంది. మొదటి దాని పేరు 1 పేతురు 2:2 నుంచి వచ్చింది, "క్రొత్తగా జన్మించిన శిశువులను పోలినవారై" అనే మాట. ఈస్టర్ రాత్రి బాప్తిస్మం పొందిన కొత్తవాళ్ళను ఉద్దేశించిన మాట అది. మూడోది యూబిలాటే, అంటే ఉత్సాహధ్వని చేయుడి. నాలుగోది కాంటాటే, పాడుడి. అయిదోది రొగాటే, అడుగుడి. లూథరు కాలం వాళ్ళు ఈ పేర్లు తీసేయలేదు. మీది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయితే ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం వారసత్వం మీకుంది, అందులోనూ ఈ ఆదివారాలకు పాఠాలు వేరుగా ఉన్నాయి. ఇది అందరి సొత్తు. గుణదల కతోలిక్ గుడిలో ఆచరిస్తున్నారు కాబట్టి మనం వదిలేయాలంటే, క్రిస్మస్‌ను కూడా వదిలేయాలి.

ఇందులో ఒక చిక్కుంది. మీరు తప్పక దాని దగ్గర ఆగుతారు. పాత లెక్కలో "పునరుత్థాన పండుగ తరువాతి మొదటి ఆదివారం" అంటారు. కొత్త లెక్కలో అదే రోజు "పునరుత్థాన కాలపు రెండవ ఆదివారం", ఎందుకంటే ఈస్టరే మొదటిది. రోమను కతోలికులు 1969లో పంచాంగం సవరించినప్పుడు ఈ రెండో లెక్కకు మారారు, తర్వాత చాలా ప్రొటెస్టంటు సంఘాలూ మారాయి. "తరువాతి" అంటే పండుగ అయిపోయినట్టు, "కాలపు" అంటే ఇంకా నడుస్తున్నట్టు. ఒక్క మాటలో ఎంత తేడా ఉందో చూడండి. కానీ పాఠాలు ఒక పంచాంగంలోంచి, ఆదివారం పేరు ఇంకో పంచాంగంలోంచి తీసుకుంటే ఒక వారం తేడా వచ్చి అంతా కలగాపులగం అవుతుంది. మీ సంఘానికి వచ్చే పంచాంగం ఏ లెక్క వాడుతుందో ముందు చూసుకోండి.

ఎలా మొదలుపెట్టాలి? ఎలా మొదలుపెట్టకూడదో ముందు చెబుతాను. మొదటి ఏడాది నేను యాభై రోజులూ ప్రతి సాయంత్రం కూటం పెట్టాను. లెంటులో రోజూ పెడితే వచ్చారు కదా, ఇప్పుడూ వస్తారనుకున్నాను. మొదటి వారం నలభై మంది వచ్చారు. మూడో వారానికి ఆరుగురు, అందులో ఇద్దరు మా ఇంట్లోవాళ్ళే. ఎండలు 40 డిగ్రీలు దాటాయి. లెంటంతా పాడి పాడి యూత్ పిల్లలు అలిసిపోయారు. లెంటులో ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఈస్టర్ అయ్యాక ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఇరవై అయిదో రోజున కూటాలు ఆపేశాను. ఆ ఏడాది అంతా నాకు బాధగానే ఉంది. తర్వాత అర్థమైంది, నేను యాభై రోజుల పండుగ చేయలేదు, లెంటునే ఇంకో యాభై రోజులు పొడిగించాను. పండుగ అంటే పని పెంచేది కాదు. పెళ్ళి తర్వాత పదహారు రోజుల పండుగ దాకా ఇంట్లో పెళ్ళి కళ ఉంటుంది, కానీ రోజూ పెళ్ళి చేయం కదా. అలాగే ఉండాలి. ఉన్న ఆరాధనల రంగు మార్చండి, కొత్త ఆరాధనలు పెంచకండి.

పలకరింపుతో మొదలుపెట్టండి. లూకా 24:34లో "ప్రభువు నిజముగా లేచి" అన్న మాటే దీనికి ఆధారం. ఈస్టర్ నాడు అనేదాన్నే పెంతెకొస్తు దాకా ప్రతి ఆదివారం ఆరాధన మొదట్లో అనండి. మొదటి రెండు వారాలు సంఘం తడబడుతుంది. మూడో వారానికి పిల్లలు ఆదివారం రోడ్డు మీద కనిపించినా మీకు చెబుతారు. మా సండే స్కూల్ పిల్లలైతే ఇంట్లో తాతయ్యలను దీంతోనే నిద్రలేపేవాళ్ళు.

దీపం. సంఘాల్లో దీన్ని పాస్కా కొవ్వొత్తి అంటారు. పెద్దది, తెల్లది, మీద సిలువ గుర్తు, ఆ ఏడాది అంకెలు, అల్ఫా ఓమెగ అక్షరాలు. ఈస్టర్ తెల్లవారుజామున వెలిగించి, పెంతెకొస్తు దాకా ప్రతి ఆరాధనలోనూ వెలిగిస్తారు. ఇక్కడ రెండు ఇబ్బందులు వచ్చాయి మాకు. ఒకటి ఫ్యాన్లు. ఏప్రిల్‌లో ఫ్యాన్లు ఆపితే జనం కూర్చోలేరు, వేస్తే దీపం ఉండదు. రెండోది ఎండ. మా పాత గుడి వెనక గదికి రేకుల కప్పు. శనివారం అక్కడ పెట్టిన కొవ్వొత్తి ఆదివారానికి తల వాల్చేసింది. మొత్తం కరగలేదు, మధ్యలో మెత్తబడి విల్లులా వంగింది. స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ ఇంట్లో అటక మీద ఉన్న పాత కిరసనాయిలు లాంతరు చిమ్నీ పట్టుకొచ్చింది. ముగ్గుతో తోమి తెచ్చింది, మసి మరక లేదు. పొట్టిగా లావుగా ఉన్న కొవ్వొత్తి ఒకటి చేయించి చిమ్నీ లోపల పెట్టాం. గాలి కింద నుంచి కాస్త ఆడేలా మూడు గోలీల మీద నిలబెట్టాం. ఫ్యాను తిరుగుతున్నా మంట కదల్లేదు. వారం మధ్యలో దాన్ని మా ఇంట్లో నీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టేవాళ్ళం. పద్దెనిమిదేళ్ళూ అదే చిమ్నీ.

మూడోది అపొస్తలుల కార్యములు. ఈ కాలంలో పాత నిబంధన పాఠం బదులు దీన్ని చదవడం నాలుగో శతాబ్దానికే వాడుకలో ఉంది. కారణం తేలిగ్గా తెలుస్తుంది. ప్రభువు లేచాడని చెప్పి ఊరుకోవడం కాదు, లేచినందువల్ల ఆ భయస్తులైన మనుషులు ఏమయ్యారో ఈ పుస్తకంలో ఉంది. ఇళ్ళలో చదవడానికీ ఇది బాగుంటుంది. ఇరవై ఎనిమిది అధ్యాయాలు, యాభై రోజులు. రోజూ సగం అధ్యాయం కన్నా కాస్త ఎక్కువ చదివితే పుస్తకం పూర్తవుతుంది. లెంటు ధ్యానాలు రోజూ చదివే అలవాటున్న కుటుంబాలకు ఈస్టర్ సోమవారం ఏం చదవాలో తెలియక ఆగిపోతుంది. వాళ్ళ చేతికి ఈ పుస్తకం అందించండి.

పాటల సంగతి క్లుప్తంగా. కీర్తనల పుస్తకంలో పునరుత్థానం కింద ఉన్నవాటిలో మనం ఏటా రెండో మూడో పాడి వదిలేస్తాం. ఈస్టర్‌తో కలిపి ఏడు ఆదివారాలు, ఎనిమిదోది పెంతెకొస్తు. క్వయర్ వాళ్ళతో ముందే కూర్చుని వారానికి ఒకటి పంచుకోండి. శ్రమకాలపు పాటలు అందరికీ బాగా నోటికి వచ్చు కాబట్టి మేలో కూడా అవే పాడేస్తుంటారు. అక్కడ మాత్రం కాస్త పట్టుదలగా ఉండండి.

రెండో ఏడాది నుంచి ఇంకొన్ని చేర్చుకోవచ్చు. ఈస్టర్ తర్వాతి ఆదివారం తోమా పాఠం తప్పకుండా చదవండి. యోహాను 20లో "ఎనిమిది దినములైన తరువాత" అని ఉన్నది సరిగ్గా ఆ రోజే. ఆ ఆదివారం హాజరు ఏడాదంతటిలోకీ తక్కువగా ఉంటుంది. పాస్టర్లు సెలవు పెట్టేది కూడా అప్పుడే. నేను మాత్రం ఆ ఆదివారం ఎన్నడూ సెలవు తీసుకోలేదు. ఆ రోజు వచ్చే కొద్దిమందిలో తోమా లాంటివాళ్ళే ఎక్కువగా ఉంటారు, వాళ్ళకు మనం కావాలి.

యోహాను 21 గురించి ఒకటి చెప్పాలి. ఒక ఏడాది సెలవుల్లో సండే స్కూల్ పెద్ద పిల్లలను తీసుకుని బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్ళాం. తెల్లారేసరికి ఒడ్డున ఉన్నాం. ఒక టీచరుగారి తమ్ముడు బొగ్గులు రాజేసి చేపలు కాల్చాడు, మేం రొట్టెలు పట్టుకెళ్ళాం. ఆ అధ్యాయం అక్కడే చదివాం. నూట ఏబది మూడు చేపలు అని వచ్చినప్పుడు పిల్లలు ఒడ్డున వల లాగుతున్న మనిషిని అడిగారు, అన్ని చేపలు పడితే వల ఆగుతుందా అని. చేపను బట్టి ఉంటుంది అన్నాడు ఆయన. తర్వాత వాళ్ళకు ఒక సంగతి చెప్పాను. పేతురు ప్రభువును ఎరుగనన్నది ప్రధాన యాజకుని పెరట్లో బొగ్గుల మంట దగ్గర. ఇక్కడ ఒడ్డున ప్రభువు వేసిందీ బొగ్గుల మంటే. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట ఉంది, కొత్త నిబంధనలో ఆ మాట ఇంకెక్కడా రాదు. ఒక పిల్లవాడు చేయి పొగ మీద పెట్టి, "అంటే పేతురుకు వాసన గుర్తొచ్చి ఉంటుంది కదా అయ్యగారూ" అన్నాడు. ముప్పై ఏళ్ళు ప్రసంగాలు చేసి నేను ఆ మాట అనుకోలేదు.

ఆరోహణ పండుగ నలభయ్యో రోజు, ఎప్పుడూ గురువారమే వస్తుంది. 2026లో మే 14, 2027లో మే 6. పని రోజు కాబట్టి ఎవరూ రారని ఆదివారానికి జరిపేవాళ్ళున్నారు, తప్పేమీ కాదు. మేం గురువారం సాయంత్రమే ఉంచి, ఆరాధనను గుడి డాబా మీదికి మార్చాం. సాయంత్రం నీళ్ళు చల్లి చాపలు వేస్తే ఏడింటికి కూర్చోగలిగేలా ఉండేది. లోపలి కన్నా పైన చల్లగా ఉందని పక్క వీధివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. అక్కడి నుంచి పెంతెకొస్తుకు పది రోజులు. శిష్యులు మేడగదిలో ప్రార్థిస్తూ ఎదురుచూసిన రోజులవి. రోజూ కూటం పెట్టాలనిపిస్తే ఈ పది రోజుల్లో పెట్టండి, జనం వస్తారు.

కొన్ని జాగ్రత్తలు. ఇది నియమంగా ఎవరి మీదా రుద్దకండి. పండుగ విషయంలోనైనా, అమావాస్య విషయంలోనైనా ఎవరికీ తీర్పు తీర్చనియ్యవద్దని కొలొస్సయుల పత్రికలో పౌలు రాశాడు. పంచాంగం పాటించని స్వతంత్ర సంఘాలు మీ చుట్టూ చాలా ఉంటాయి, వాళ్ళకు ప్రతి ఆదివారమూ పునరుత్థానమే. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. నికేయలో చెప్పారు కదా అని మోకాళ్ళూని ప్రార్థించే పెద్దవాళ్ళను లేచి నిలబడమనకండి. అరవై ఏళ్ళుగా బల్ల దగ్గర మోకాళ్ళూనిన మనిషికి అదే భక్తి. మేం ముగింపు ప్రార్థన ఒక్కటి మాత్రం నిలబడి చేసేవాళ్ళం. పాపపు ఒప్పుకోలు తీసేద్దామా అని కొందరు అడిగారు. నేను ఒప్పుకోలేదు. సంతోషించే రోజుల్లో కూడా మనం పాపం చేస్తూనే ఉంటాం.

సంతోషం అంటే హోరు కాదని కూడా మీ యూత్‌కు ముందే చెప్పండి. యాభై రోజులు పండుగ అనగానే సౌండ్ బాక్సులు పెంచాలని చూస్తారు. మొన్ననే మనిషిని పోగొట్టుకున్న ఇల్లు మీ గుడి వీధిలోనే ఉండొచ్చు.

ఖర్చు గురించి అడగలేదు గానీ కమిటీలో తప్పకుండా వస్తుంది. మాకు కొవ్వొత్తి, బలిపీఠం మీది తెల్ల బట్ట తప్ప వేరే ఖర్చు కాలేదు. సూర్యలంక బస్సుకు తల్లిదండ్రులే తలా కొంత వేసుకున్నారు.

బాప్తిస్మాలూ కన్ఫర్మేషనూ ఈ యాభై రోజుల్లోనే పెట్టుకోగలిగితే చాలా మంచిది. పాతకాలంలో ఈస్టర్ రాత్రి బాప్తిస్మం ఇచ్చి, ఆ వారమంతా కొత్తవాళ్ళు తెల్లని బట్టల్లోనే ఆరాధనకు వచ్చేవాళ్ళు. బాప్తిస్మం అంటే ఏమిటో, ప్రభురాత్రి భోజనం అంటే ఏమిటో ఆ వారంలో వాళ్ళకు వివరంగా బోధించేవారు. మనం బాప్తిస్మానికి ముందు బోధిస్తాం, తర్వాత వదిలేస్తాం. ఆ తర్వాతి ఆరు వారాల్లోనే వాళ్ళను ఒక్కొక్క ఇంటికి భోజనానికి పిలిచేలా స్త్రీల సమాజంతో మాట్లాడండి. మా దగ్గర అలా కలిసినవాళ్ళు సంఘంలో నిలిచారు.

పెంతెకొస్తు నాడు, 2026లో మే 24న, ఆఖరి పాట తర్వాత దీపం ఆర్పుతారు. ఆర్పిన కొవ్వొత్తిని బీరువాలో పెట్టేయకండి. అది బాప్తిస్మపు తొట్టి దగ్గర ఉండాలి. ఏడాదంతా ఎవరికి బాప్తిస్మం ఇచ్చినా, ఎవరి భూస్థాపన ఆరాధన జరిగినా దాన్నే వెలిగిస్తారు, భూస్థాపనలో శవపేటిక తల దగ్గర పెట్టి. నేను చెప్పిన ఆ తల్లి పోయినప్పుడు కూడా అలాగే వెలిగించాం. అది ఆగస్టు నెల, గుడి నిండా జనం, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. చిమ్నీ మాత్రం మర్చిపోకుండా దగ్గర ఉంచుకోండి.